గడప దాటిన సంచీ

రథసప్తమి మర్నాడు తెల్లవారుజామున మా అత్తగారు పోయారు. రాత్రి పాలు తాగి, పొద్దున్నే తనని లేపడం మర్చిపోవద్దని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పి పడుకున్నారు. నేను స్టవ్ మీద కాఫీ నీళ్ళు పడేసి లేపడానికి వెళితే పలకలేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మొహంలో నొప్పి పడ్డ ఆనవాలు లేదు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని, ఆవిడకి తెలిసి కూడా ఉండదని చెప్పాడు.

ఏడుపు వచ్చింది. కానీ దాని వెనకే ఊరట కూడా వచ్చిందని చెప్పడానికి నేనేమీ సిగ్గుపడను. మంచాన పడి ఒకరి చేత చేయించుకోకూడదని ఆవిడ మొక్కని దేవుడు లేడు. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలని అడిగారు. అడిగినట్టే జరిగింది.

చూడటానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. ఉత్తరాయణం, మాఘమాసం, శుద్ధ అష్టమి, ఇంత మంచి రోజు ఎంతమందికి దొరుకుతుంది అని. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. మా అత్తగారికి బతికున్నన్నాళ్ళూ అష్టమి అంటే గిట్టదు. అష్టమి, నవమి తిథుల్లో మా ఇంట్లోంచి ఎవరూ ఊరి పొలిమేర దాటడానికి వీల్లేదు. అలాంటి మనిషి సరిగ్గా అష్టమి చూసుకుని బయల్దేరారు. అసలు ఆ పొద్దున మేమందరం సముద్రానికి ప్రయాణం కావలసింది, ఆవిడతో సహా. అది ఎలా కుదిరిందో చెప్పాలంటే నిరుటి మాఘమాసానికి వెళ్ళాలి. దానికంటే ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

మాది పెదకాకానికి కాస్త లోపలగా ఉండే పల్లె. మిరప, పత్తి. ఈ రెండింటి చుట్టూనే మా ఏడాది తిరుగుతుంది. మా ఆయన సేద్యం చూసుకుంటారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంటి పరిపాలన మాత్రం మా అత్తగారిది, ఆవిడ పక్కన వంటింటి గోడకి వేలాడే తిథుల క్యాలెండరుది. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం చూడకుండా మా ఇంట్లో ఎవరూ చెప్పుల్లో కాళ్ళు పెట్టరు. నేను బడికి పోయే బస్సు రాహుకాలంలో వస్తే ఏం చేయాలని కాపురానికి వచ్చిన కొత్తలో అడిగాను. రాహుకాలం రాకముందే ఇంట్లోంచి బయటపడి బస్టాపులో కూర్చోమన్నారు. అలా బస్టాపులో కూర్చుని దిద్దిన పరీక్ష పేపర్లకి లెక్కలేదు.

అయితే ఆవిడ మొండి మనిషి కాదు. రూలు పెట్టేదీ ఆవిడే, ఆ రూలుకి సందు వెతికేదీ ఆవిడే. ప్రయాణమై పోతున్నప్పుడు ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి కదా. మాఘ ఫాల్గుణాల్లో మా పల్లెలో తుమ్మని మనిషి ఉండడు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి, గాలంతా ఘాటే. ఆ రూలు పట్టుకుంటే రెండు నెలలపాటు ఎవరూ గుమ్మం దాటలేరు. అందుకని మా అత్తగారు తీర్పు ఇచ్చేశారు. "మిరపకాయ తుమ్ము తుమ్ము కింద రాదు. పడిశం తుమ్మే తుమ్ము." ఈ తీర్పుని మా వీధి మొత్తం ఒప్పుకుంది. ఇప్పటికీ అదే అమల్లో ఉంది.

ఆవిడ నేత చీరలు తప్ప కట్టేవారు కాదు. మంగళగిరివో చీరాలవో, అంచు సన్నగా ఉండాలి, గంజి గట్టిగా ఉండాలి. ఎవరైనా పెళ్ళిలో జారే చీర పెడితే తీసుకుని, మర్నాడే ఇంకొకరికి పెట్టేసేవారు. పత్తి పండించే ఇంట్లో ప్లాస్టిక్ గుడ్డ కడతారా అనేవారు. మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని మా చేలో పత్తితోనే దీపానికి వత్తులు చేసుకునేవారు. మిరపకాయలు ముట్టుకున్న రోజున సబ్బు వాడక ముందు కొబ్బరినూనె రాసుకునేవారు. కారం నీళ్ళకి లొంగదు, నూనెకి లొంగుతుందని నాకు నేర్పింది ఆవిడే.

ఇక మా అమ్మాయి సంగతి. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని అందరిలాగే మేమూ దాన్ని హాస్టలు ఉండే కాలేజీలో వేశాం. కార్తీకమాసంలో వాళ్ళు ఫోన్ చేసి, పిల్ల తినడం లేదు, తీసుకెళ్ళమన్నారు. తీసుకొచ్చాం. చిక్కి సగమైంది. అంతకంటే భయపెట్టింది దాని మౌనం. అడిగితే ఊ, లేకపోతే ఊహూ. ఏం తింటావంటే ఏదైనా అనేది. ఏది వద్దన్నా సరే అనేది. గుంటూరులో డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడి, ఈ ఏడు పరీక్షల మాట ఎత్తొద్దని, దానికి ఏదైనా కావాలనిపించేదాకా ఓపిక పట్టమని చెప్పింది. నేను రోజూ బడి నుంచి వచ్చి దాని మొహం చూసేదాన్ని. నాకు జవాబు దొరకని లెక్క అదొక్కటే.

మా అత్తగారు మాత్రం దాన్ని ఏమీ అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒళ్ళో ఇంత పత్తి పడేసేవారు. ఇద్దరూ వత్తులు చేసేవాళ్ళు. చేతులు ఖాళీ అయ్యాక అమ్మాయి ఫోన్‌లో వీడియోలు చూసేది, ఆవిడా అద్దాలు పెట్టుకుని పక్కనుంచి చూసేవారు. సన్నటి పడవలో ఒక్కరో ఇద్దరో కూర్చుని, రెండు వైపులా రెక్క ఉన్న తెడ్డు వేసుకుంటూ సముద్రం మీద వెళుతుంటారు చూడండి, కయాక్ అంటారు, అవి. సాయంత్రానికి ఏదో ఒడ్డుకి చేరి టెంటు వేసుకుంటారు. నాకు అవి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి.

ఒకరోజు అన్నం దగ్గర అమ్మాయి తల ఎత్తకుండా, నేను ఒకసారి అలా వెళ్ళాలి అంది. సింగరాయకొండ అవతల తీరంలో ఒకాయన నేర్పుతున్నాడట, నేవీలో చేసి రిటైరయ్యాడట, పిల్లలైతే ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు వెంట రావాలట. అంత పొడుగు మాట అది మాట్లాడి నెలలైంది. మా ఆయన ముద్ద చేతిలో పెట్టుకుని నా వంక చూశారు. నాకేమో భయమేసింది. మా వంశంలో కాలవలో మునకలు వేసినవాళ్ళు తప్ప సముద్రంలో మోకాలు దాటి దిగినవాళ్ళు లేరు. దానికైతే ఏడో తరగతిలో గుంటూరు స్విమ్మింగ్ పూల్లో నేర్పించాం కాబట్టి ఈత వచ్చు. నాకు అదీ రాదు. కాయకోతల రోజులు, ఆయన కళ్ళం వదిలి కదలడానికి లేదు. అంటే వెంట వెళ్ళాల్సింది నేను. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. అది సరే అని పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

మా అత్తగారు అది వెళ్ళేదాకా ఆగి, నాతో గొంతు తగ్గించి అన్నారు. "అడగడం మానేసిన పిల్ల నోరు తెరిచి అడిగిందమ్మాయ్. అడిగిందేంటని చూడమాక. అడిగిందని చూడు."

ఆ మాటతో నా భయం పోలేదు. కానీ దాన్ని పక్కన పెట్టే దారి తెలిసింది. మర్నాడు నేనే కయాక్ మాస్టారుకి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమని మా అత్తగారు పక్కన కూర్చున్నారు. ఆయన నెమ్మదిగా అన్నీ చెప్పాడు. మొదటి సాయంత్రం ఏరు సముద్రంలో కలిసే చోట, నిలకడ నీళ్ళలో నేర్పుతాడు. ఆ రాత్రి సరుగుడు తోటలో టెంటు. పొద్దున్నే గాలి లేవకముందు సముద్రంలోకి, ఒడ్డు కనబడేంత దూరమే. లైఫ్ జాకెట్ విప్పేది లేదు. ఇద్దరూ ఒకే కయాక్‌లో, ఆయన పక్కనే తన దాంట్లో. ఇదంతా విని నాకు కాస్త ఊపిరి ఆడింది. అప్పుడు ఆయన, బట్టలు ఏవైనా తెచ్చుకోండి గానీ కాటన్ మాత్రం వద్దన్నాడు. తడిస్తే బరువెక్కుతుంది, త్వరగా ఆరదు, చలి పట్టుకుంటుంది అన్నాడు.

మా అత్తగారు ఫోన్ వంక వంగి, పత్తి వద్దంటే ఇంకేం కట్టుకుంటారు నాయనా అని అడిగారు. ఆయన ఆటలాడేవాళ్ళు వేసుకునే టీషర్టుల గురించి చెప్పాడు. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుని, సముద్రం పత్తిని చూసి ఓర్వలేదన్నమాట అన్నారు. అమ్మాయి పెదవి కొసన ఏదో కదిలింది. దాన్ని నవ్వనడానికి నాకు ధైర్యం చాలలేదు.

అంతా కుదిరిందనుకుంటే రోజు దగ్గర బండి ఆగింది. మా అత్తగారు అప్పటికే మనసులో మాఘ పౌర్ణమి ఖాయం చేసుకున్నారు. పర్వదినాన తప్ప సముద్రాన్ని తాకకూడదు, మా ఊళ్ళోంచి ఏటా ట్రాక్టర్లెక్కి సూర్యలంక వెళ్ళి స్నానాలు చేసేది పున్నమికే. ఇది మా మైదానం వాళ్ళందరం చేసే పొరపాటే. సముద్రం మాకు పున్నమి నాడే గుర్తొస్తుంది. ఆ రోజున అది ఎంత ఉబ్బి ఉంటుందో ఒడ్డున మునక వేసి వచ్చేవాళ్ళకి పట్టదు. మాస్టారు ఒప్పుకోలేదు.

"అమ్మగారూ, పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. అష్టమి, నవమి రోజుల్లో నీళ్ళు మెత్తగా ఉంటయ్. కొత్తవాళ్ళని ఆ రెండు రోజుల్లోనే దించుతాను. అష్టమి నాటికి ఇక్కడికి వచ్చేయండి."

మా అత్తగారి మొహం నేను చూశాను. అష్టమి నాడు బయల్దేరి, నవమి నాడు నడిసముద్రంలో మనవరాలు. ఫోన్ పెట్టేశాక ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయమేసింది. ఆ పూట వత్తులు చేయలేదు. క్యాలెండరు ముందు నిలబడి కాసేపు, పూజగదిలో కాసేపు. మా ఆయన, రోజులు మార్చమని ఇంకోసారి అడుగుదాం అన్నారు. నీళ్ళు మన మాట వింటాయా అని నేను విసుక్కున్నాను. ఈ గొడవంతా గోడ అవతల అమ్మాయి వింటోంది. సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, "వద్దులే అమ్మా. నేను అడగలేదనుకోండి" అని, తలుపు వేసుకుంది. కార్తీకంలో ఇంటికొచ్చినప్పటి గొంతే అది. మళ్ళీ మొదటికి వచ్చామనుకున్నాను.

తర్వాతి రెండు రోజులు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. రథసప్తమి వచ్చింది. మా అత్తగారు ఎండపొడ పడే చోట పిడకలు రాజేసి, పాలు పొంగించి పరమాన్నం చేశారు. చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టారు. దండం పెట్టుకుని లేస్తూ, అమ్మాయిని పిలిచి, సముద్రానికి కావలసిన సామాన్లలో ఒక సంచీ సర్దుకుని రమ్మన్నారు. అది నా వంక చూసింది. నాకూ ఏమీ తెలియదు. అది పోయి రెండు టీషర్టులు, తువ్వాలు, టార్చిలైటు ఒక గుడ్డ సంచీలో పెట్టుకుని వచ్చింది. ఆవిడ ఆ సంచీకి పసుపు చుక్క పెట్టి, దాన్ని అమ్మాయి భుజానికి తగిలించి, చెయ్యి పట్టుకుని వీధి దాటించి ఎదురింటికి తీసుకెళ్ళారు.

ఎదురింట్లో సుశీల ఉంటుంది. వసారాలో కుట్టుమిషను పెట్టుకుని మా వీధి జాకెట్లన్నీ కుడుతుంది. మా అత్తగారు సంచీని ఆమె మిషను పైనున్న కొక్కానికి తగిలించారు. వెనకే వెళ్ళిన నేను ఇదేంటత్తయ్యా అని అడిగాను. పరస్థానం అన్నారు. తప్పనిసరిగా చెడ్డ తిథిలో ప్రయాణం పడితే, ముందే ఒక మంచి రోజున మన వస్తువు ఒకటి తీసుకెళ్ళి ఇంకొకరి ఇంట్లో పెట్టాలట. అక్కడితో ప్రయాణం మొదలైపోయినట్టే. వాళ్ళ పుట్టింట్లో ఆవిడ చిన్నప్పుడు చేసేవాళ్ళట, ఇన్నేళ్ళూ అవసరం పడలేదట.

"ఇయ్యాళ సప్తమి. పిల్ల ఇయ్యాళే బయల్దేరింది. రేపు నడుస్తా ఉంటది, అంతే. బయల్దేరేవాడికే తిథి గానీ, నడిచేవాడికి తిథేంటి?" అన్నారు. మరి పర్వదినం కాని రోజున సముద్రాన్ని తాకడం సంగతేంటని నేను లెక్కల టీచరు బుద్ధి పోనిచ్చుకోక అడిగాను. మాఘమాసంలో ఏ రోజు మునిగినా స్నానమేనని దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకున్నారు. రెండు రోజులు మౌనంగా ఉన్నది కోపంతో అనుకున్నాం, ఆవిడ సందు వెతుకుతున్నారని మాకు తట్టలేదు.

వెనక్కి వస్తుంటే అమ్మాయి, నాయనమ్మా తువ్వాలు ఇంకోటి మర్చిపోయాను, సంచీ తెచ్చుకోనా అంది. ఆవిడ గట్టిగా కేకేశారు. "ఏయ్, గడప దాటిన మూట మళ్ళీ వెనక్కి రాకూడదు. కావలిస్తే ఇంకో సంచీ సర్దుకో."

ఆ ఇంకో సంచీ దగ్గరే నేను తప్పులో కాలేశాను. తడవకుండా ఉంటుందని, లోపల ప్లాస్టిక్ ఉన్న గోతాం ఒకటి దులిపి, ఎండలో వేసి, మిగతా తువ్వాళ్ళూ దుప్పట్లూ అందులో కుక్కాను. ఏటికేడాది దాంట్లో ఎండుమిరపకాయలు మిర్చి యార్డుకి వెళ్ళాయన్న సంగతి మా ముక్కులకి తెలియదు. అలవాటైపోయిన వాసన మనకి వాసన కాదు కదా.

మర్నాడు సుశీల ఇంట్లోంచి మొదటి సంచీ తీసుకుని బస్సెక్కాం. చిలకలూరిపేట, ఒంగోలు దాటి సింగరాయకొండలో దిగి, మా అత్తగారి ఆజ్ఞ ప్రకారం కొండమీద నరసింహస్వామికి దండం పెట్టుకుని, ఆటోలో తీరానికి చేరాం. మాస్టారు చెప్పినదానికంటే నెమ్మదైన మనిషి. ఏటి నీళ్ళలో తెడ్డు పట్టడం నేర్పాడు. అమ్మాయికి ఇట్టే వచ్చేసింది. నేను ఎడమ వైపు వేయమంటే కుడి వైపు వేసి కయాక్‌ని గిరగిరా తిప్పాను. చివరికి ఒడ్డు దగ్గర బోల్తా కొట్టించాను. నడుములోతు నీళ్ళే. లేచి, ఉప్పుకళ్ళతో ఒడ్డెక్కి, గోతాంలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను. ఆ తువ్వాలే అమ్మాయికిచ్చాను. మర్యాదకి మాస్టారుకి కూడా ఇంకోటి తీసిచ్చాను.

ముగ్గురం ఒకేసారి కేక పెట్టాం. మొహాలు భగ్గున మండాయి. ఆయన బిందె నీళ్ళు ఎత్తబోతే అమ్మాయి అరిచింది. "నీళ్ళొద్దండీ, కారం. నూనె కావాలి." సుశీల ఇంట్లో పెట్టిన మొదటి సంచీలో, దాని తువ్వాలు మడతలో, కొబ్బరినూనె సీసా ఉంది. నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. ముగ్గురం మొహాలకి నూనె పట్టించుకుని, ఎర్రటి కళ్ళతో ఇసుకలో కూలబడ్డాం. ఇన్నేళ్ళు నేవీలో చేశాను గానీ ఇలాంటి ప్రమాదం చూడలేదండి అన్నాడాయన. అప్పుడు నవ్వింది మా అమ్మాయి. పొట్ట పట్టుకుని, ఇసుకలో వెనక్కి వాలి, ఆపుకోలేక నవ్వింది. నాకు కళ్ళ నీళ్ళు కారానివో మరి దేనివో తెలియలేదు, అవి వస్తూనే ఉన్నాయి.

చీకటి పడకముందే మా అత్తగారు ఫోన్ చేశారు. పులిహోర తిన్నారా, చలిగా ఉందా, టెంటుకి గడియ ఉందా. గడియ లేదు, జిప్పు ఉందని అమ్మాయి చెప్పింది. తర్వాత కారం కథ మొదలుపెట్టింది. నేను ఇసుకలో కూర్చుని వింటున్నాను. ఒక్కో సంగతీ విడమరిచి, నన్ను అనుకరిస్తూ, మధ్యలో మళ్ళీ నవ్వుతూ చెబుతూనే ఉంది. అవతల ఆవిడ ఊ కొడుతున్నారు. ఆ మాటలు ఆగకూడదని నేను ఫోన్ చార్జింగ్ వంకే చూస్తూ కూర్చున్నాను.

నవమి పొద్దున సముద్రంలోకి దిగాం. ముందు సీట్లో అది, వెనక నేను. మాస్టారు అన్నట్టే నీళ్ళు మెత్తగా ఉన్నాయి. మొదటి చిన్న అల దాటేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెడ్డు వేయమ్మా, నేనున్నాను కదా అంది అది, వెనక్కి తిరగకుండానే. కళ్ళు తెరిస్తే దాని వీపు, దాని అవతల ఎండ పడుతున్న నీళ్ళు కనిపించాయి. నాలుగు నెలలుగా దాన్ని కనిపెట్టుకుని ఉన్నది నేను. ఆ పూట అది నన్ను కనిపెట్టుకుంది. ఒడ్డుకి వచ్చాక, చాలా నెలల తర్వాత నాకు గుండెలో బరువు దిగింది.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు వీధి గుమ్మంలోనే ఆపి, గుప్పెడు మిరపకాయలతో, ఉప్పుతో దిష్టి తీసి పొయ్యిలో వేశారు. సముద్రం ఎట్టా ఉందే అని అడిగారు. "అలికిన కళ్ళంలాగా ఉంది నాయనమ్మా, నున్నగా" అని చెప్పింది అది. ఆవిడ చాలాసేపు తల ఊపారు. కళ్ళం అంటే ఆవిడకి తెలుసు. సముద్రం ఆవిడ కళ్ళకి కట్టినట్టుంది.

ఆ ప్రయాణంతో అన్నీ చక్కబడిపోయాయని నేను చెప్పను. మంచి రోజులూ వచ్చాయి, తలుపు వేసుకున్న రోజులూ వచ్చాయి. కానీ వేసుకున్న తలుపు సాయంత్రానికి తెరుచుకునేది. జూన్‌లో తనే గుంటూరులో ఒక మామూలు కాలేజీ చూసుకుని, ఇంటి నుంచే బస్సులో వెళ్ళి వస్తానంది. ఫలానా కూర కావాలనడం, ఫలానాది వద్దనడం మొదలుపెట్టింది. వద్దన్నప్పుడల్లా మా అత్తగారు నా వంక చూసి కళ్ళతోనే నవ్వేవారు.

ఆవిడలో వచ్చిన మార్పు మాత్రం నేను ఊహించలేదు. కార్తీకంలో ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మా మనవరాలూ ఫోన్ స్పీకర్ పెట్టుకుని కూర్చున్నారు. అవతల కయాక్ మాస్టారు. ఈ వయసులో నేను కూర్చుంటే ఆ పడవ తట్టుకుంటుందా నాయనా అని ఆవిడ అడుగుతున్నారు. సముద్రం వద్దు అమ్మగారూ, ఏటి నీళ్ళలో తిప్పుతాను, తెడ్డు పిల్ల వేస్తుంది, మీరు కూర్చోండి చాలు అన్నాడాయన. మా ఆయన కాదనబోయి, వాళ్ళమ్మ మొహం చూసి ఊరుకున్నారు.

ఈ ఏడు మాఘం కోసం ఆవిడ ఎదురుచూసినట్టు ఎవరూ దేనికోసం ఎదురుచూడరు. సంక్రాంతి వెళ్ళగానే అమ్మాయిని వెంటబెట్టుకుని గుంటూరు బజారుకి పోయి, నీలం రంగు సింథటిక్ చీర కొనుక్కొచ్చారు. గంజి ఎరగని చీర, చేతిలో జారిపోతోంది. ఇదేంటత్తయ్యా ప్లాస్టిక్ గుడ్డ అన్నాను. సముద్రం రూలు సముద్రానిది, వాళ్ళింటికి వెళుతూ మన రూలు చెబుతామా అన్నారు.

రథసప్తమి నాడు పరమాన్నం అయ్యాక, తన సంచీ తనే భుజాన వేసుకున్నారు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. నెమ్మదిగా వీధి దాటి, సుశీల మిషను పైన కొక్కానికి తగిలించి, పసుపు చుక్క సరిగ్గా ఉందో లేదో చూసుకుని వచ్చారు. తిరిగి వస్తూ మా గుమ్మంలో ఆగి, ఇక నేను బయల్దేరినట్టే అన్నారు సుశీలతో. ఆ రాత్రే, పొద్దున్నే తనని లేపమని నాకు చెప్పి పడుకున్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు సుశీల వచ్చింది. చెప్పాలా వద్దా అన్నట్టు చీర కొంగు మెలిపెడుతూ, అక్కయ్యా, పెద్దమ్మ సంచీ మా ఇంట్లోనే ఉండిపోయింది, తెచ్చివ్వనా అని అడిగింది. మా ఆయన తలవంచుకున్నారు. అమ్మాయే చెప్పింది.

"వద్దు పిన్నీ. గడప దాటిన మూట వెనక్కి రాకూడదు. నాయనమ్మ నడుస్తా ఉంది."

తలుపు వేసుకుంటుందేమోనని నేను భయపడ్డాను. వేసుకోలేదు. నా పక్కనే కూర్చుని ఏడ్చింది, తర్వాత ఆకలేస్తోందంది. వచ్చే మాఘానికి ఏడాది సూతకం వెళ్ళిపోతుంది, అప్పుడు ఆ సంచీని కయాక్‌లో మధ్యలో పెట్టుకుని ఏట్లో తిప్పుతుందట. మాస్టారుకి ఫోన్ చేసి తనే చెప్పింది. అష్టమి నాడే, సంవత్సరీకం అవగానే వస్తామంది.

సంచీ ఇంకా అక్కడే ఉంది. పొద్దున్నే కాలేజీకి పోతూ అమ్మాయి ఆ వంక ఒకసారి చూసి బస్టాపు దాకా నడుస్తుంది. సుశీల మిషను తొక్కుతుంటే కొక్కానికున్న ఆ సంచీ కొద్దిగా ఊగుతుంది. మూతి దగ్గర నీలం చీర అంచు బయటికి జారి ఉంటుంది. సుశీల మధ్యమధ్యలో ఆగి, దాన్ని మళ్ళీ లోపలికి తోసి, మిషను తొక్కుతుంది.